డీవీడీని ఫైలుగా మార్చాలంటే మేక్‌ఎంకేవీనా, హ్యాండ్‌బ్రేకా? ఏది మేలు?

ఈ మధ్య తెలిసినవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. "క్యామ్‌కార్డర్‌తో తీసిన పాత డీవీడీలు ఉన్నాయి, కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవే లేదు, అన్నీ ఫైళ్ళు చేసేద్దామనుకుంటున్నా, ఏది వాడమంటారు?" అని. ఒక్కొక్కరికీ మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. నేను మాట్లాడేది మనం సొంతంగా రికార్డ్ చేసుకున్న డిస్కుల గురించే, కాపీ లాక్ ఉన్న సినిమా డిస్కుల జోలికి పోవట్లేదు.

మేక్‌ఎంకేవీ, హ్యాండ్‌బ్రేక్ అనేవి డీవీడీలోని వీడియోని కంప్యూటర్ ఫైలుగా చేసే సాఫ్ట్‌వేర్లు. నా మాట ముందే చెప్పేస్తా. మొదట మేక్‌ఎంకేవీ, ఆ తర్వాత తీరిక దొరికితే హ్యాండ్‌బ్రేక్. ఒక్కదానికే టైమ్ ఉందంటే మేక్‌ఎంకేవీతో ఆపేయండి, ఏమీ పోదు.

ఎందుకంటే ఈ రెండూ చేసే పని ఒకటి కాదు. మేక్‌ఎంకేవీ బొమ్మని అస్సలు ముట్టుకోదు, డిస్కులో ఉన్న ఎంపెగ్-2 (డీవీడీల్లో వీడియోని కుదించి దాచే పద్ధతి) వీడియోని, ఆడియోని, సబ్‌టైటిల్స్ ఉంటే వాటిని, ఉన్నవి ఉన్నట్టు తీసి ఒక ఎంకేవీ ఫైలులో (ఇవన్నీ కలిపి పెట్టుకునే డబ్బా లాంటిది) పెట్టేస్తుంది. డ్రైవ్ చదవడానికి పట్టే టైమే దానికీ పడుతుంది. ఫైలు సైజు కూడా డిస్కులో ఎంత ఉందో దాదాపు అంతే. నిండా ఉన్న 4.7 జీబీ డిస్కు విండోస్‌లో 4.37 జీబీ అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, డేటా ఏమీ పోలేదు. హ్యాండ్‌బ్రేక్ అలా కాదు, ప్రతి ఫ్రేమునీ విప్పి మళ్ళీ హెచ్.264లోనో హెచ్.265లోనో (ఇంకా కొత్త కుదింపు పద్ధతులు) కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే మళ్ళీ కుదించి రాస్తుంది. సైజు బాగా తగ్గుతుంది, ఫోన్లో ఆడుతుంది. కానీ అక్కడ ఒక సెట్టింగ్ తప్పితే ఆ తప్పు బొమ్మలోకి ఎక్కి కూర్చుంటుంది, తర్వాత దించలేం.

ఆ సెట్టింగే ఇంటర్లేస్‌కి సంబంధించింది, అంటే ఒక్కో ఫ్రేములో రెండు క్షణాల గీతల్ని కలిపి దాచే పద్ధతి. నా లెక్కలో ఏ సాఫ్ట్‌వేర్ అనేది తేల్చేది ఇదే, కానీ చాలామంది సైజూ స్పీడూ చూసుకుంటారే తప్ప దీన్ని చూడరు.

క్యామ్‌కార్డర్ డీవీడీ మీద ఒక ఫ్రేమ్ అంటే ఒక ఫొటో కాదు. పాల్ (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) డిస్కు అయితే 720 బై 576 చుక్కలు, అందులో ఒకటి విడిచి ఒకటిగా 288 గీతలు ఒక క్షణానివి, మిగతా 288 గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతవి. ఊయల ఊగుతున్న పిల్లని తీశారనుకోండి, ఆ కాస్త టైములోనే ఊయల ఒక పక్కకి జరిగిపోతుంది. రెండు క్షణాల్నీ ఒకే ఫ్రేములో కలిపి చూపిస్తే తాడు అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయి కనిపిస్తాయి, పిల్ల జుట్టు, చేతులు అన్నీ గీతలు గీతలుగా. పాత ట్యూబ్ టీవీ గీతల్ని కూడా అలా విడతలుగానే గీసేది కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పటి స్క్రీన్ మొత్తం ఫ్రేముని ఒకేసారి చూపిస్తుంది.

నేను దీనికి మూల్యం చెల్లించా. కొన్నేళ్ళ కింద డబ్బులు పెట్టి కొన్న ఒక కన్వర్టర్‌తో మా ఇంటి డిస్కులన్నీ ఎంపీ4 చేసేశా, చిన్న స్క్రీన్ మీద చూసి బాగుంది అనుకున్నా. పెద్ద టీవీ మీద పెట్టాక గాని గీతలు కనబడలేదు. పైగా బొమ్మ కొలత కూడా మార్చి ఎన్‌కోడ్ చేయడంతో పై గీతలూ కింది గీతలూ కలిసిపోయాయి, ఇక విడదీయడానికి వీల్లేదు. మళ్ళీ చేద్దామని డిస్కులు తీస్తే రెండు అసలు చదవనేలేదు. వాటిలో మా అమ్మ నవ్వుతూ చెయ్యి ఊపే చోటు ఒకటుంది, ఆ చెయ్యి ఎప్పటికీ గీతలుగానే ఉంటుంది. అందుకే ముందు మేక్‌ఎంకేవీ అని ఇంత గట్టిగా చెప్తున్నా. దాంట్లో ఇంటర్లేస్ ఉన్నదున్నట్టే ఉంటుంది, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూసేటప్పుడు కీబోర్డులో డి నొక్కితే అక్కడికక్కడ డీఇంటర్లేస్ అయిపోతుంది, అంటే ఆ దువ్వెన గీతలు పోతాయి, ఫైలు మాత్రం చెక్కు చెదరదు.

మేక్‌ఎంకేవీలో మార్చాల్సింది ఒక్కటే. మామూలుగా అది 120 సెకన్ల కన్నా చిన్న టైటిల్స్‌ని (డిస్కులోని విడివిడి వీడియో ముక్కల్ని) వదిలేస్తుంది, క్యామ్‌కార్డర్ డిస్కుల్లో చిన్న చిన్న ముక్కలే ఎక్కువ ఉండొచ్చు కాబట్టి ఆ అంకెని బాగా తగ్గించేయండి. అసలు డిస్కే కనిపించట్లేదంటే అప్పట్లో ఫైనలైజ్ (వేరే డ్రైవులు కూడా చదివేలా రికార్డింగ్‌ని ముగించడం) చేయలేదేమో, ఆ క్యామ్‌కార్డర్ ఇంకా పని చేస్తుంటే దాంట్లోనే పెట్టి చేయాలి.

ఇక హ్యాండ్‌బ్రేక్. ఆ ఎంకేవీనే దీనికి సోర్సుగా ఇవ్వండి, డిస్కుని మళ్ళీ తిప్పక్కర్లేదు. ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ దగ్గర మామూలుగా డీకోంబ్ ఉంటుంది, గీతలు కనబడ్డ ఫ్రేముల్నే సరిచేస్తుంది, అది తప్పేం కాదు. కానీ అలా వదిలేస్తే సెకనుకి 25 ఫ్రేములే మిగులుతాయి, కెమెరా పట్టుకున్నవి 50 క్షణాలు, అంటే కదలికలో సగం పారేసినట్టే. అందుకే అక్కడే బాబ్ అనే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన సెట్టింగ్) పెట్టమంటాను, ఒక్కో సగాన్నీ ఒక్కో పూర్తి ఫ్రేముగా చేస్తుంది. దాంతోపాటు ఫ్రేమ్‌రేట్ కూడా మార్చాలి, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. 30 అని పేరులో ఉన్న ప్రీసెట్లు ఫ్రేముల్ని 30 దగ్గర ఆపేస్తాయి, బాబ్ పెట్టీ లాభం ఉండదు. పాల్‌కి 50, ఎన్‌టీఎస్‌సీకి (అమెరికా, జపాన్ వాడిన టీవీ పద్ధతి) 59.94 మనమే ఎంచుకోవాలి. ఊయల అప్పుడు నిజంగా ఊగినట్టు ఉంటుంది, తేడా కంటికి తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. క్వాలిటీ ఆర్‌ఎఫ్ (హ్యాండ్‌బ్రేక్‌లో క్వాలిటీని చెప్పే అంకె) 18 నుంచి 20 మధ్య చాలు, అంకె తగ్గే కొద్దీ క్వాలిటీ, సైజు రెండూ పెరుగుతాయి. యావరేజ్ బిట్‌రేట్ (సెకనుకి సగటున ఇంత డేటా అని ముందే కట్టేయడం) వద్దు, కదలని సీనుకి ఎక్కువ, పరిగెత్తే సీనుకి తక్కువ పడే ప్రమాదం ఉంది. హెచ్.264 చాలు, ఇంత చిన్న బొమ్మకి హెచ్.265తో మిగిలేది పెద్దగా ఉండదు, టైమ్ మాత్రం తింటుంది. ఆడియో ఏసీ3 (డీవీడీల్లో వాడే ఒక ఆడియో పద్ధతి) అయితే పాస్‌త్రూ, అంటే ఉన్నది ఉన్నట్టే పెట్టేయడం. 1080పీకి పెంచొద్దు, లేని వివరం ఎక్కడినుంచీ రాదు.

వీఎల్‌సీలోనూ కన్వర్ట్ ఉంది, అర్జెంటుగా ఒక క్లిప్పుకి సరే, మొత్తం డిస్కులకి పనికిరాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ అన్నీ చేస్తుంది, కమాండ్లు టైపు చేయడం అలవాటున్నవాళ్ళకి నా సలహా అక్కర్లేదు. డిస్కులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళని ఊరికే కాపీ చేసుకోవచ్చు కదా అంటారు, చేసుకోవచ్చు, కానీ ఒక్కోటీ 1 జీబీ దగ్గర తెగిపోతుంది, తర్వాత అతికించడం ఇంకో తలనొప్పి.

మొత్తం డిస్కుని ఎన్‌కోడ్‌కి పెట్టే ముందు, ఎవరైనా పరిగెత్తే చోటు చూసుకుని హ్యాండ్‌బ్రేక్ ప్రివ్యూలో ఓ 30 సెకన్లు తీయండి. పెద్ద స్క్రీన్ మీద పెట్టి, కాళ్ళు గాల్లో ఉన్నప్పుడు పాజ్ చేసి అంచులు చూడండి. శుభ్రంగా ఉంటే మిగతాది రాత్రికి వదిలేయొచ్చు.