ఫార్మసిస్టుకు టీకా శిక్షణ: కళాశాలలోనా, ఉద్యోగంలో చేరాకనా, ఒక్క రోజులోనా – ఏది మేలు?

ఫార్మసిస్టు టీకా వేయవచ్చా అన్న ప్రశ్నకు చాలా దేశాలు ఇప్పటికే ఔనని జవాబిచ్చాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1994లో ఫార్మసిస్టులకు పద్ధతి ప్రకారం టీకా శిక్షణ మొదలైంది. 2009 నాటికి అక్కడి 50 రాష్ట్రాలూ ఏదో ఒక మేరకు వారికి ఆ అధికారాన్ని ఇచ్చాయి. ఐర్లాండ్ 2011లో, ఇంగ్లండ్ 2015లో, ఫ్రాన్స్ 2019లో ఫ్లూ టీకాను దేశమంతటా ఫార్మసీల ద్వారా కూడా అందించడం ప్రారంభించాయి. కాబట్టి ఇప్పుడు నిజంగా ఆలోచించవలసింది ఆ శిక్షణను ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్న సంగతి. ఇందుకు మూడు దారులు ఆచరణలో ఉన్నాయి. ఒకటి, ఫార్మసీ పట్టా చదువులోనే టీకా పాఠాన్ని చేర్చడం. రెండు, పట్టా, లైసెన్సు వచ్చి పనిలో ఉన్నవారికి విడిగా సర్టిఫికెట్ కోర్సు నడపడం. మూడు, ఒక్క టీకాకో, ఒక్క అత్యవసర కాలానికో పరిమితమైన కొద్ది గంటల శిక్షణ ఇచ్చి వెంటనే పనిలోకి దించడం.

వీటిని తూచే ముందు, శిక్షణ ముగిసేనాటికి ఆ మనిషికి ఏమేమి వచ్చి ఉండాలో తేల్చుకోవాలి. టీకా అంటే సూది గుచ్చడమే అనుకునేవారికి ఒక పూట శిక్షణ చాలుననిపిస్తుంది. నిజానికి అందులో నాలుగు పనులున్నాయి: ఎవరికి వేయాలో, ఎవరికి వేయకూడదో నిర్ణయించడం, సరైన చోట, సరైన లోతున వేయడం, వేసిన తరువాత ఏదైనా వికటిస్తే నిమిషాల్లో గుర్తించి ఆదుకోవడం, టీకాను చెడిపోకుండా నిల్వ చేసి, వేసిన ప్రతి డోసునూ నమోదు చేయడం. వీటిలో మొదటిదానికీ చివరిదానికీ ఫార్మసిస్టు సగం సిద్ధమయ్యే వస్తాడు. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య మందును కాపాడటం అతనికి కొత్త కాదు. అయినా వేడి కన్నా గడ్డకట్టడమే కొన్ని టీకాలకు ఎక్కువ హాని చేస్తుందని, అల్యూమినియం లవణాలు కలిసిన హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఒకసారి గడ్డకడితే కరిగించినా పనికిరావని ప్రత్యేకంగా చెప్పవలసే ఉంటుంది. అలాగే ఎదుటి మనిషి ఏ మందులు వాడుతున్నాడో అతనికే అందరికన్నా బాగా తెలుస్తుంది. ఎక్కువ మోతాదులో స్టీరాయిడ్లు వాడుతున్నవారికి తట్టు, ఆటలమ్మ వంటి జీవ టీకాలు (బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినవి) వేయకూడదని, రక్తం పలచబడే మందు వాడుతున్నవారికి సన్నని సూదితో వేసి, ఆ చోటును రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలని చెబితే, ఆ మాట అతని పాత జ్ఞానంలో ఇట్టే ఇమిడిపోతుంది.

మిగిలిన రెండు పనులే అతనికి పూర్తిగా కొత్తవి. మూడు దారుల్లో ఏది మేలన్నది ఈ రెండింటి దగ్గరే తేలుతుందని నా అభిప్రాయం.

ముందుగా చేతి పని. పెద్దవారికి వేసే టీకాల్లో ఎక్కువ భాగం జబ్బ మీది డెల్టాయిడ్ కండలోకి పోవాలి. భుజం కొసన చేతికి తగిలే ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి దిగి, కండ మందంగా ఉన్న చోట సూదిని నిటారుగా గుచ్చాలి. ఇంకా పైన వేస్తే మందు కండలోకి కాక కీలు చుట్టూ ఉన్న కణజాలంలోకి పోయి, రెండు రోజుల్లోపే మొదలయ్యే తీవ్రమైన నొప్పి, చేయి పైకెత్తలేని బిగువు నెలల తరబడి పీడించవచ్చు. ఈ పొరపాటు అజ్ఞానం వల్లనే జరగదు. చొక్కా చేతిని కింది నుంచి పైకి మడవడానికి బదులు మెడ దగ్గర నుంచి కిందికి లాగితే జబ్బ పై భాగం మాత్రమే కనిపిస్తుంది, సూది అక్కడికే పోతుంది. వేసేవారు నిలబడి, వేయించుకునేవారు కూర్చుని ఉన్నా అదే జరుగుతుంది. సూది పొడవు కూడా మనిషిని బట్టి మారాలి: సాధారణ శరీరానికి 25 మిల్లీమీటర్లు సరిపోతే, బాగా లావుగా ఉన్నవారికి 38 మిల్లీమీటర్లది కావాలి. ఇవన్నీ ఒక పేజీలో రాయవచ్చు. కానీ ఎదుట భయపడి కండ బిగించుకున్న మనిషి కూర్చున్నప్పుడు ఇవన్నీ చేతికి వాటంతట అవే రావాలంటే చదవడం చాలదు.

ఇక ఆపద. అనాఫిలాక్సిస్ అనే ప్రమాదకరమైన ఎలర్జీ ప్రతిక్రియ సుమారు పది లక్షల డోసులకు ఒకసారి మాత్రమే కనిపిస్తుంది. అంటే టీకాలు వేసే ఫార్మసిస్టుల్లో చాలామంది వృత్తి జీవితం మొత్తంలో దాన్ని ఒక్కసారి కూడా చూడరు. శిక్షణకు అదే పెద్ద చిక్కు: అనుభవం మీద నేర్చుకునే అవకాశమే లేని విషయాన్ని తొలిసారి ఎదురైనప్పుడే తప్పు లేకుండా చేయాలి. టీకా తరువాత తరచుగా కనిపించేది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం. ఆ రెండింటికీ తేడా తెలియాలి. స్పృహ తప్పేటప్పుడు మనిషి పాలిపోయి, చెమటలు పట్టి, నాడి నెమ్మదిస్తుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచితే త్వరగానే తేరుకుంటాడు. అనాఫిలాక్సిస్‌లో నాడి వేగంగా కొట్టుకుంటుంది, తరచుగా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం ఉంటాయి. అప్పుడు ఆలస్యం లేకుండా పెద్దవారికి ఆ ప్రతిక్రియకు మొదటి మందైన ఎడ్రినలిన్‌ను 0.5 మిల్లీగ్రాముల మోతాదులో తొడ బయటి వైపు కండలోకి ఇచ్చి, అంబులెన్సును పిలిచి, అయిదు నిమిషాల్లో మెరుగు కనిపించకపోతే మళ్లీ ఇవ్వాలి. ఎలర్జీ మాత్రతో సరిపెట్టుకోవడం, రోగిని లేపి నడిపించడం ఇక్కడ ప్రాణం తీసే తప్పులు.

ఈ కొలతలతో చూస్తే, పట్టా చదువులోనే నేర్పే దారికి గట్టి బలాలున్నాయి. రోగనిరోధక శాస్త్రం, సూక్ష్మజీవులు, మందుల ప్రభావం చదువుతున్న కాలంలోనే టీకా కూడా వస్తే, ఏ టీకా ఎందుకు ఎన్ని డోసులో, రెండు జీవ టీకాల ఇంజెక్షన్లను ఒకే రోజు వేయకపోతే 28 రోజుల ఎడం ఎందుకు పాటించాలో బట్టీ పట్టకుండానే అర్థమవుతుంది. తరగతి మొత్తానికి ఒకే పాఠం, ఒకే పరీక్ష. సంపన్నమైన దుకాణంలో పనిచేసేవారికి ఒక చదువు, చిన్న దుకాణంలో పనిచేసేవారికి ఇంకొక చదువు అన్న భేదం ఉండదు. పట్టాతో పాటే టీకా అర్హత వస్తుంది కనుక, కొన్నేళ్లలో ఆ వృత్తిలోకి వచ్చేవారంతా టీకా తెలిసినవారే అవుతారు. అయితే ఇందులో ఒక లోపాన్ని తక్కువగా అంచనా వేస్తున్నారని నాకు అనిపిస్తుంది. మూడో ఏట స్పంజి దిమ్మ మీద నాలుగుసార్లు సూది గుచ్చిన విద్యార్థి, పట్టా, లైసెన్సు చేతికి వచ్చి నిజమైన జబ్బను ముట్టుకునేసరికి రెండేళ్లు గడిచిపోవచ్చు. ఆపద వేళ చేయవలసిన పనుల వరుస అంతకన్నా వేగంగా చెదిరిపోతుంది. గుండె ఆగినవారిని బతికించే ప్రాథమిక శిక్షణ పొందినవారిలో కూడా ఆ నైపుణ్యం కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతుంది. పైగా ఇప్పటికే కౌంటరు వెనుక నిలబడి ఉన్నవారికి ఈ దారి ఏమీ ఇవ్వదు.

ఆ లోటును సర్టిఫికెట్ కోర్సు తీరుస్తుంది. అమెరికా ఫార్మసిస్టుల సంఘం 1996 నుంచి ఇటువంటి జాతీయ కోర్సును నడుపుతోంది. 2020లో అక్కడి కేంద్ర ప్రభుత్వం పిల్లలకూ టీకాలు వేయడానికి ఫార్మసిస్టులను అనుమతించినప్పుడు కనీసం 20 గంటల శిక్షణను షరతుగా పెట్టి, అందులో సూది వేసే అభ్యాసం, ఎవరికి వేయకూడదో తేల్చడం, అత్యవసర ప్రతిక్రియలను గుర్తించి చికిత్స చేయడం తప్పనిసరి చేసింది. గుండె, ఊపిరి ఆగినప్పుడు ఆదుకునే శిక్షణ పత్రం కూడా ఉండాలంది. ఇటువంటి కోర్సుల్లో చదవవలసిన భాగాన్ని ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని, అభ్యాసానికి మాత్రం నేరుగా వస్తారు. వచ్చినవారు పనిచేస్తున్నవారు, తమ దుకాణానికి వచ్చే వృద్ధులు, గర్భిణులు, మధుమేహులు వారి కళ్ల ముందుంటారు కనుక వారడిగే ప్రశ్నలు కూడా పనికి దగ్గరగా ఉంటాయి. సోమవారం నేర్చుకున్నది గురువారం చేయవచ్చు. చేతి పనికి ఇంతకన్నా మేలైన సంగతి లేదు.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఒక్కరే ఫార్మసిస్టు ఉన్న దుకాణాన్ని శిక్షణ కోసం మూసివేయడం యజమానికీ, మందుల కోసం వచ్చేవారికీ కష్టం. ఫీజు ఎవరు కట్టాలన్న తగవు కూడా ఉంటుంది. శిక్షకుల నాణ్యత ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గంటలు పూర్తి చేయడం వేరు, పని రావడం వేరు. రెండు మూడు సూదులు వేయించి సర్టిఫికెట్ చేతికిస్తే, ఆ మనిషి తొలి పదిమందికి ఒంటరిగా వేస్తున్నప్పుడు పక్కన సరిదిద్దేవారెవరూ ఉండరు.

మూడో దారి, కొద్ది గంటల శిక్షణ, చులకన చేయదగినది కాదు. కోవిడ్ కాలంలో అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్లకు, అంటే ఫార్మసిస్టు కింద పనిచేసే సహాయకులకు, కనీసం ఆరు గంటల ఆచరణ శిక్షణతో టీకాలు వేసే అనుమతినిచ్చారు. అది నడవడానికి కారణం పనిని విడదీయడమే: టీకా ఇవ్వాలన్న నిర్ణయం ఫార్మసిస్టుది, ఆయన వెంటనే అందుబాటులో ఉండాలి, టెక్నీషియన్‌ది సూది వేసే పని. ఒకే టీకా, ఒకే మోతాదు, ముందుగా తయారైన ప్రశ్నావళి, పక్కనే పెద్ద దిక్కు ఉన్నప్పుడు ఆరు గంటలు సరిపోతాయి. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా సరిపోవు. అందుకే ఈ దారిని ఫార్మసిస్టు సొంత శిక్షణకు నమూనాగా తీసుకోవడం పొరపాటు. ఫార్మసిస్టు దగ్గరకు ఒక రోజు ఫ్లూ టీకాకు, మరో రోజు షింగిల్స్ (నొప్పితో పొక్కులు వచ్చే సర్పి జబ్బు) టీకాకు, ఇంకో రోజు గాయమై ధనుర్వాతం టీకాకు వస్తారు. ఎవరికి ఏది ఎప్పుడన్న నిర్ణయం ఆయన ఒక్కడి మీదే పడుతుంది.

అభ్యాసం స్పంజి దిమ్మ మీదా, మనిషి జబ్బ మీదా అన్న చర్చ కూడా ఇక్కడే తేల్చుకోవాలి. చాలా కోర్సుల్లో శిక్షణార్థులు ఉప్పునీటి ద్రావణంతో ఒకరికొకరు సూది వేసుకుంటారు. దిమ్మ మీద వంద తప్పులు చేసినా ఎవరికీ నొప్పి లేదు. సిరంజి పట్టు, మందు తీయడం, వాడిన సూదికి మూత పెట్టకుండా నేరుగా గట్టి డబ్బాలో పడేయడం అక్కడే అలవాటు కావాలి. కానీ దిమ్మకు భుజం ఎముక లేదు, భయం లేదు, చొక్కా లేదు. కనుక దిమ్మతో మొదలుపెట్టి, తోటివారి జబ్బకు వెళ్లి, తరువాత నిజంగా టీకా కోసం వచ్చినవారి దగ్గరకు చేరడమే సరైన వరుస. తోటివారి చేతికి తన చేతిని అప్పగించడానికి ఇష్టపడనివారిని మాత్రం బలవంతపెట్టకూడదు. వారికి వేరే ఏర్పాటు ఉండాలి.

మూడు దారులనూ పక్కపక్కన పెట్టి ఒక్కటే ఎంచుకోమంటే, నేను సర్టిఫికెట్ కోర్సునే ఎంచుకుంటాను, ఒక మార్పుతో. కోర్సు చివర రాత పరీక్షతో, రెండు సూదులతో ముగియకుండా, అభ్యర్థి దగ్గరలోని టీకా కేంద్రంలో అనుభవజ్ఞురాలైన నర్సు పక్కన నిలబడి కొన్ని పదుల డోసులు వేయాలి. ఆమె సరేనన్నప్పుడే అర్హత రావాలి. రోజూ వందలాది మందికి టీకాలు వేసే నర్సులకు తెలిసినంతగా ఈ పని మరెవరికీ తెలియదు. ఫార్మసిస్టుల శిక్షణను ఫార్మసిస్టులే నడపాలన్న పట్టుదల వల్ల ఆ అనుభవాన్ని వదులుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పట్టా చదువును కొత్తగా తీర్చిదిద్దుకునే వీలున్న చోట మాత్రం శాస్త్రమంతా అక్కడే చెప్పి, చేతి పనిని చివరి ఏడాది ప్రత్యక్ష శిక్షణకు జరపవచ్చు. అప్పుడు ఉద్యోగంలో చేరాక మిగిలేది ఒక రోజు అభ్యాసం, పర్యవేక్షణలో కొన్ని డోసులు. మహమ్మారి తలుపు తట్టినప్పుడు కొద్ది గంటల దారిని తెరవక తప్పదు, కానీ దానికి ముగింపు తేదీ ముందే రాసి ఉండాలి. ఆ అనుమతితో వచ్చినవారు తరువాత పూర్తి కోర్సు చేస్తేనే కొనసాగాలి.

ఏ దారిలో వచ్చినవారికైనా ఏటా ఒక పునశ్చరణ కావాలి. దానిని శిక్షణ కేంద్రం హాలులో కాక ఎవరి ఫార్మసీలో వారు జరుపుకోవడం మంచిది. టీకా వేసిన తరువాత 15 నిమిషాలు కూర్చోబెట్టే కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, అతను పడిపోయాడనుకోవాలి. అతన్ని పడుకోబెట్టే చోటు ఆ గదిలో ఉందో లేదో, ఎడ్రినలిన్ పెట్టె ఏ అరలో ఉందో, దాన్ని తెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేశారో గడియారం పెట్టి చూడాలి. ఆ తరువాత ఎడ్రినలిన్ ఆంప్యూలు మీది గడువు తేదీని చదవాలి.