మిగ్-21 ఎఫ్‌ఎల్ కిట్ కొంటున్నారా? పెట్టె మీద బొమ్మ చూసి డబ్బు కట్టకండి

అతికించి తయారుచేసుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్ అది. పెట్టె మీద 1971 నాటి మన వాయుసేన యుద్ధవిమానం మిగ్-21 ఎఫ్‌ఎల్ బొమ్మ. “సీల్ తీయలేదు, పార్టులన్నీ ఉన్నాయి” అని సెకండ్‌హ్యాండ్ అమ్మకందారు మాట. స్కేలు 1:48. తెరిస్తే లోపల ఉన్నది మిగ్-21లోనే వేరే రకం, ఎంఎఫ్ ప్లాస్టిక్. దానికి మన వాయుసేన గుర్తుల డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మలు) షీటు ఒకటి జత చేసి ఎఫ్‌ఎల్ అని అమ్మేశారు. కెనోపీ (పైలట్ మీది అద్దపు కప్పు) చిట్లింది, డెకాల్స్ పసుపెక్కాయి. డబ్బు వెనక్కి అడిగితే జవాబు లేదు.

ఈ మోసం పట్టాలంటే ముందు కెనోపీ చూడండి. ఎఫ్‌ఎల్‌కి ముందు అద్దం, పైకప్పు కలిసి ఒకే ముక్క, మొత్తం ముందుకి లేస్తుంది. ఎంఎఫ్‌కి ముందు అద్దం కదలదు, కప్పు పక్కకి తెరుచుకుంటుంది. అంటే పారదర్శక స్ప్రూలో (పార్టులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) రెండు ముక్కలు వేరువేరుగా కనిపిస్తే అది ఎఫ్‌ఎల్ కాదు. తర్వాత రెక్కల అడుగు: ఎఫ్‌ఎల్‌కి ఒక్కో రెక్క కింద ఒక్క పైలాన్ (ఆయుధాలు తగిలించే కొక్కెం), ఎంఎఫ్‌కి రెండు. ఎఫ్‌ఎల్‌కి లోపల తుపాకీ ఉండదు, కావాలంటే పొట్ట కింద జీపీ-9 తుపాకీ పాడ్ తగిలించేవారు. ఎంఎఫ్‌కి జీఎష్-23 తుపాకీ పొట్టలోనే అమర్చి ఉంటుంది. కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా పైన ఉండే వెన్ను కూడా ఎంఎఫ్‌ది బాగా లావు.

“కొంచెం సానపడితే ఎఫ్‌ఎల్ అయిపోతుందిలే” అనేవాళ్ల మాట నమ్మకండి. రెక్కల్లో అదనపు పైలాన్ల చిల్లులు పుట్టీతో పూడ్చడం చిన్న పనే. వెన్ను మార్చాలంటే మాత్రం ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్లు) పైభాగం కోసి కొత్తగా కట్టాలి, కెనోపీ బయటినుంచి తెచ్చుకోవాలి, కాక్‌పిట్ సీటు కూడా వేరే. అంత ఖర్చుకి అసలు కిట్టే వస్తుంది.

కెనోపీని ట్యూబ్‌లైట్ కింద, వెనక నల్లగుడ్డ పెట్టి, మెల్లగా వంచుతూ చూడండి. గీత అయితే వంచినా అలాగే ఉంటుంది. చిట్లు అయితే ఒక కోణంలో వెండి పోగులా తళుక్కుమని, ఇంకో కోణంలో మాయమైపోతుంది. పైపై గీతని 2000, 4000 నంబరు తడి ఎమెరీ కాగితంతో రుద్ది, పాలిష్ పేస్టు పెడితే పోతుంది. చిట్లుకి మందు లేదు. పల్చటి సిమెంటు (ప్లాస్టిక్ కరిగించి అతికించే జిగురు) తగిలితే అందులోకి పాకి తెల్లబారుతుంది, సూపర్‌గ్లూ ఆవిరి అద్దమంతా మబ్బు పట్టిస్తుంది. బాగున్న కెనోపీని అతికించడానికి ఫెవికాల్ చాలు.

పసుపెక్కిన డెకాల్ షీటుని జిప్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి కొన్ని వారాలు అతికించి ఉంచితే చాలావరకు తెల్లబడుతుంది. ఎఫ్‌ఎల్‌కి అల్యూమినియం రంగు వేసేవాళ్లు ఈ పని తప్పక చేయాలి, ఎందుకంటే ఆ రంగు మీద పసుపు పొర దాగదు. ఆ తర్వాత అక్కర్లేని గుర్తు ఒకటి గోరువెచ్చటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే మిగతా షీటు మీద గ్లాసీ క్లియర్ (మెరిసే పారదర్శక వార్నిష్) రెండు పల్చటి పూతలు కొట్టి, ఒక రోజు ఆరనివ్వండి. పూత షీటంతా ఒకే పొరగా పరుచుకుంటుంది కాబట్టి ఇక ప్రతి గుర్తునీ అంచు దగ్గరగా కత్తిరించుకోవాల్సిందే.

స్కేలు మీద అనుమానముంటే రెక్కల కొస నుంచి కొసకి కొలవండి. అసలు విమానానిది 7.15 మీటర్లు, కాబట్టి 1:48లో 14.9 సెంటీమీటర్లు, 1:72లో 9.9 రావాలి.

డబ్బు పంపేముందు ప్రతి స్ప్రూ ఫొటో, దాని అక్షరం కనిపించేలా, విడివిడిగా అడగండి. గైడులోని పార్టుల పటంతో సరిపోల్చండి. కవర్లు సీల్‌లో ఉన్నాయని ఫొటో ఇవ్వననేవాళ్ల దగ్గర కొనకండి. పార్శిల్ రాగానే టేపు కోసే క్షణం నుంచి చివరి కవరు దాకా ఆపకుండా వీడియో తీయండి. సరిచూడటం పూర్తయ్యేదాకా ఒక్క పార్టు కూడా స్ప్రూ నుంచి కత్తిరించకండి, కత్తిరించిన కిట్టుని ఎవరూ వెనక్కి తీసుకోరు.