ఎనభై రెండు వేల బూడిద రంగు

మా పాత 32 అంగుళాల టీవీ పాడవలేదు. పాడయినవి మా కళ్లు. సినిమా మొదట్లో పేర్లు చదవాలంటే లేచి దగ్గరికి వెళ్లవలసి వస్తోంది. పెద్ద టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి తగ్గుతుందని పేపర్లో చదివి, అందాకా ఆగి, దసరాకు గుంటూరు లక్ష్మీపురంలోని ఒక షోరూములో 55 అంగుళాల 4కె ఎల్‌ఈడీ టీవీ కొన్నాం. 82,000. నా చీటీ డబ్బు మొత్తం అందులోకే వెళ్లింది.

షోరూములో అది ధగధగలాడింది. జారుతున్న తేనె, చిలక రెక్కలు, బంతిపూలు. ఆ వీడియోలో ఒక్క మనిషి ముఖమూ లేదు, ఒక్క చీకటి గదీ లేదు. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ సంగతి అక్కడే తట్టవలసింది.

బ్రాడీపేటలో మా ఇంటి గోడకెక్కిన రోజు సాయంత్రం కేబుల్ వార్తలు పెడితే, చదివే అమ్మాయి ముఖం మైనం బొమ్మలా ఉంది. ఇందులో టీవీ తప్పు కొంతే. మామూలు ఛానల్ పంపేది నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు, ఈ తెర మీద ఉన్నవి 83 లక్షలు. ఒకరికి వండిన పప్పులో నీళ్లు పోసి ఇరవై మందికి వడ్డించినట్టన్నమాట. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

సినిమాలు మరీ వింతగా కనిపించాయి. ఎంత పెద్ద సినిమా పెట్టినా మధ్యాహ్నం సీరియల్‌లా ఉంది. నాలుగో రోజు టెక్నీషియన్ కుర్రాడు వచ్చి కారణం చెప్పాడు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలే ఉంటాయి. ఈ టీవీ వాటి మధ్య లేని బొమ్మలను సొంతంగా కల్పించి నింపుతోంది. ఆ సదుపాయం ఆపేసి, రంగులను ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కు మార్చాడు. మనుషులు మనుషుల్లా కనిపించారు. అంతవరకు ఆ అబ్బాయికి దండం పెట్టాలి.

బాగుపడనిది నలుపు. రాత్రి లైట్లు ఆపి సినిమా పెడితే ఆకాశం బూడిద పూసినట్టుంటుంది. కింది రెండు మూలల్లో ఎవరో టార్చి వేసినట్టు వెలుతురు. తెర అంచుల్లో దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయట, ముందున్న ద్రవస్ఫటికాల పొర వాటిని అడ్డుకోవాలి. ఈ పొర పూర్తిగా అడ్డుకోలేదు. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని, అంటే వెలుగునూ చీకటినీ రెండింటినీ బాగా చూపిస్తుందని, ఇంత అక్షరాలతో వేశారు గానీ, తళుకుకు తగ్గ చీకటి లేనప్పుడు ఆ ముద్ర ఎందుకు?

“ఇది లోపం కాదమ్మా, ఈ రకం ప్యానెల్ ఇంతే. పక్కనుంచి చూసినా రంగు మారదు, అది చూడండి” అన్నాడు టెక్నీషియన్. నిజమే. మావారు గది మూల దివాను మీద పడుకుని క్రికెట్ చూస్తారు, ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు. బంతి కనబడితే చాలు. నేను చూసేవి పాత నలుపు తెలుపు సినిమాలు. వాటిలో నలుపే పోతే మిగిలేది ఏముంది?

షోరూముకు వెళితే, పెట్టె విప్పాక వెనక్కి తీసుకోం అన్నారు. చిలకల వీడియో ఆపి, నా పెన్‌డ్రైవులోని సినిమా ఒక్కటి వేసి చూపించమని కొనేముందే అడిగి ఉంటే వాళ్లకూ నాకూ ఈ మాటలు తప్పేవి.

కొన్నప్పుడు పాత టీవీని మార్పిడి కింద రెండు వేలకు ఇచ్చేయమన్నారు. మనసొప్పక పడకగదిలో పెట్టించాను. మావారు నిద్రపోయాక సినిమా చూడాలనిపిస్తే, కుర్చీ దాని దగ్గరికి జరుపుకుని కూర్చుంటున్నాను.