మా మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మైలేజీ లిమిట్ పాలసీ: వాడి చూశాక నా అభిప్రాయం

మాది 1957 మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. మన అంబాసిడర్‌కి మూలం ఇదే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో ఈ మోడల్‌నే తీసుకుని అంబాసిడర్ మొదలుపెట్టారు, 2014లో ఆపేసేదాకా ఆ ఆకారం పెద్దగా మారలేదు. గుంటూరు కలెక్టరేట్ ముందు బుగ్గ కార్లు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ మోజే నాచేత దీన్ని కొనిపించింది. ప్రస్తుతం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. పాత కార్లకే ఇన్సూరెన్స్ చేసే ఒక ఇంగ్లీషు కంపెనీలో కొన్నేళ్లుగా పాలసీ నడుస్తోంది, ఏడాదికి ఇన్ని మైళ్లకి మించి తిప్పకూడదన్న లిమిట్‌తో. కారు చూసిన మనవాళ్లంతా "అన్నా, లిమిట్ దాటితే ఏమవుతుంది?" అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పాలసీ మంచిది. లిమిట్ చూసి భయపడక్కర్లేదు. కాకపోతే అన్నిటికంటే చిన్న లిమిట్ మాత్రం తీసుకోకండి.

వీళ్ల దగ్గర 1,500, 3,000, 5,000 మైళ్ల శ్లాబులున్నాయి. నాకిచ్చిన కొటేషన్‌లో మొదటి రెండింటికీ తేడా 14 పౌండ్లే. ఆ 14 పౌండ్లు మిగుల్చుకుందామని 1,500 మైళ్లతో సరిపెట్టుకునేవాళ్లని చూశాను. మా ఇంటి లెక్క వినండి. నెలకోసారి బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్తాం, రానూపోనూ వంద మైళ్లకి కాస్త అటూఇటూ. ఏడాదికి గుడికే 1,200 మైళ్లు అయిపోయాయి. గేడన్‌లో ఉన్న మోటార్ మ్యూజియం దగ్గర పాత కార్లవాళ్లు కలుస్తుంటారు, ఒక్కసారి వెళ్లొస్తే ఎనభై పైనే. ఇక సర్వీసుకీ, పెట్రోలు బంకుకీ, ఎండ కాసిన ఆదివారం మా ఆవిడ సరదా పడితే ఊరి బయటికీ. అక్టోబరుకల్లా లిమిట్ అయిపోయి కారు గరాజ్‌లో పడుంటుంది. పాత బండికి అంతకంటే చెరుపు లేదు. కదలకుండా ఉంటే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకపక్క నొక్కుకుపోతాయి.

ప్రీమియం తక్కువగా ఉండడానికి కారణం ఈ లిమిటే. దానికి తోడు రాత్రిళ్లు గరాజ్‌లో పెట్టి తాళం వేయాలి, ఇంట్లో రోజువారీ వాడుకకి ఇంకో కారుండాలి, ఆఫీసుకి దీంట్లో వెళ్లకూడదు. నాకివేవీ ఇబ్బంది కాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నా పాలసీ కాగితాల్లో రాసిందేమిటంటే, లిమిట్ దగ్గరపడితే ముందే ఫోన్ చేసి పెంచుకోవాలి. ఒక వేసవిలో నేను అలాగే చేశాను. ఫోనెత్తిన అమ్మాయి మీటరు రీడింగ్ అడిగింది, తేడా డబ్బు కట్టించుకుంది, అక్కడితో పని అయిపోయింది. చెప్పకుండా దాటేసి, యాక్సిడెంటయ్యాక బయటపడితేనే చిక్కు. ఇక్కడ 2012లో వచ్చిన వినియోగదారుల ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం, పాలసీ తీసుకునేటప్పుడు అజాగ్రత్తగా తప్పు లెక్క చెబితే, సరైన లెక్కకి ఎక్కువ ప్రీమియం పడేదైతే, క్లెయిమ్‌ని ఆ నిష్పత్తిలో కోయొచ్చు. 125 కట్టాల్సిన చోట 100 కట్టారనుకోండి, 9,000 పౌండ్ల క్లెయిమ్‌కి 7,200 చేతికొస్తాయి. కావాలనే అబద్ధం చెబితే పాలసీనే రద్దు చేయొచ్చు.

అందుకే రీడింగుకి రుజువు ఉంచుకోండి. 1960కి ముందు తయారైన కార్లకి 2012 నుంచే ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద నడపడానికి పనికొస్తుందా అని ఏటా చేసే పరీక్ష, అక్కర్లేదు, 2018 నుంచి 40 ఏళ్లు దాటినవాటికీ, పెద్ద మార్పులు చేయకపోతే, మినహాయింపు వచ్చింది. ఖర్చు తగ్గిందని అంతా సంతోషించారు కానీ, ఏటా మైళ్లు నమోదయ్యే చోటు కూడా దాంతోనే పోయింది. నేను మాత్రం అవసరం లేకపోయినా ఏటా ఎంఓటీ చేయిస్తాను. బ్రేకులు ఇంకో మనిషి చూసినట్టూ ఉంటుంది, ప్రభుత్వ రికార్డులో రీడింగ్ ఎక్కినట్టూ ఉంటుంది.

మీటరు విషయంలో ఇంకొకటి. ఈ కార్లలో గేర్‌బాక్సు నుంచి డాష్‌బోర్డు దాకా ఒక సన్నటి కేబులు తిరుగుతుంటుంది. అది తెగితే స్పీడు ముల్లుతో పాటు మైళ్ల అంకెలూ ఆగిపోతాయి. మాది ఓసారి అలాగే తెగింది. ముల్లు కాసేపు వణికి సున్నా మీద పడింది, ఇంటికొచ్చిన దూరం మీటరులో ఎక్కలేదు. మెకానిక్ బిల్లు మీద తేదీ, రీడింగ్ రాయించి కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. ఫైల్లో చేర్చామని మర్నాడే జవాబిచ్చారు. ఈ కంపెనీ మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

పెళ్లిళ్ల సంగతి కూడా చెప్పాలి. పెళ్లికొడుకుని అంబాసిడర్ లాంటి కారులో తీసుకురావాలని ఇక్కడి తెలుగు కుటుంబాలకి మహా ముచ్చట. స్నేహితుడి కొడుకు పెళ్లికి ఊరికే ఇచ్చాను, అదీ ముందు కంపెనీని అడిగే. డబ్బు తీసుకుంటే మాత్రం అది అద్దె కిందికొస్తుంది, నా పాలసీ వర్తించదు. ఎంత దగ్గరివాళ్లయినా పెట్రోలు పేరుతో కవరు చేతిలో పెడితే తీసుకోకండి.

నచ్చనివి రెండు. లిమిట్ పెంచిన ప్రతిసారీ తేడా కాక విడిగా ఆఫీసు చార్జీ వేస్తారు, ఇది అన్యాయం. తక్కువ తిప్పిన ఏడాది మాత్రం పైసా వెనక్కి రాదు. క్లెయిమ్‌లో లెక్కకట్టే కారు విలువని కంపెనీ ముందే ఒప్పుకుని రాసిచ్చే పద్ధతి చాలా బాగుంది కానీ, దానికి ఫోటోలు అన్ని వైపుల నుంచీ, ఇంజనూ, లోపలి సీట్లూ, అడుగు భాగంతో సహా అడుగుతారు. ఓపిగ్గా తీసి పంపండి. లేకపోతే మార్కెట్ ధర అంటూ వాళ్లు కట్టిందే విలువ.

ఈ ఏడాది 5,000 మైళ్ల లిమిట్‌కి రెన్యూవల్ చేశాను. 1900లో ఇక్కడ వెయ్యి మైళ్ల ట్రయల్ అని కార్లతో లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా వెళ్లి తిరిగొచ్చారు. జులైలో కొందరం కలిసి ఆ దారిలో ఎడిన్‌బరో వెళ్తున్నాం, ఒక్క ప్రయాణానికే ఆరు వందల మైళ్లు పైన పట్టేలా ఉంది.