మాస్సీ 1035నా, బి-275నా, హెచ్‌ఎంటీ 2511నా? విప్పని పాత ట్రాక్టర్ కొనేవాళ్లకు

"కొట్టం పక్కన పదేళ్లుగా నిలబడిన బండి ఉంది. ఇంజన్ పట్టేసిందంటున్నారు. కొనొచ్చా?" బండి పేరు మారుతుంది గానీ ప్రశ్న ఇదే. ఆ పేర్లు కూడా తిప్పితిప్పి మూడే: మాస్సీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా బి-275, హెచ్‌ఎంటీ 2511. ఎవరూ విప్పని, రంగు కొట్టని బండి అనుకునే ఇది రాస్తున్నాను. కొత్తగా ఎర్రరంగు పూసి అమ్మకానికి పెట్టినదానికన్నా అదే నయం. హౌసింగ్‌కు, అంటే గేర్లను మూసి ఉంచే ఇనుప పెట్టెకు, వెల్డింగ్ పడిందా, ఆయిల్ ఎక్కడ కారుతోంది అన్నది జిడ్డు చారలే చెప్పేస్తాయి. రంగు పడితే ఆ సాక్ష్యం పోతుంది.

అందరూ మొదట ఇంజన్ దగ్గరికే వెళ్తారు. చూడాల్సిందే, కానీ బేరం తేల్చేది ఇంజన్ కాదు, బండి వెనక భాగం. ఇంజన్ పని ఏ చిన్న పట్నంలోనైనా అయిపోతుంది: లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు), పిస్టన్లు, బేరింగులు, పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్లు. ఎంత ఖర్చవుతుందో మెకానిక్ ముందే చెప్పగలడు. వెనక హౌసింగ్‌లో ఏం పాడైందో మాత్రం విప్పాకే తెలుస్తుంది.

అందుకని ఇంజన్ గురించి కొంచెమే. సైలెన్సర్ మీద డబ్బా బోర్లించకుండా వదిలేస్తే వాననీళ్లు సిలిండర్లోకి దిగి రింగులు తుప్పుతో పట్టేస్తాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు డ్రెయిన్ బోల్టును రెండు చుట్లు వదులు చేసి చూడండి. ఆయిల్ కంటే ముందు నీళ్లు వస్తే ఇంజన్ మొత్తం విప్పాల్సిందేనని లెక్కేసుకోండి. నీళ్లు లేకపోతే నాజిళ్లు తీసి, ఒక్కో సిలిండర్లో ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి 50 మి.లీ. పోసి మూడు రోజులు ఆగాలి. తర్వాత ఫ్లైవీల్ పళ్ల దగ్గర సన్న గడ్డపారతో కొద్దికొద్దిగా ఇటూ అటూ కదిలించాలి. వేరే ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగితే మాత్రం పట్టేసిన వాల్వుల కింద పుష్‌రాడ్లు వంగుతాయి, ఒక్కోసారి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఇక వెనక భాగం. మాస్సీలో గేర్‌బాక్స్‌కు, డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్లు), పనిముట్లు లేపే హైడ్రాలిక్‌కు ఉన్నది ఒకటే ఆయిల్, దాదాపు 30 లీటర్లు. నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ పంపు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, పీటీఓ షాఫ్టుతో, అంటే పనిముట్లను తిప్పే వెనక ఇరుసుతో, తిరుగుతుంది. పీటీఓ లివర్ న్యూట్రల్లో ఉంటే లిఫ్ట్ లేవదు. ఇది తెలియక "లిఫ్ట్ పోయింది" అని బండి తక్కువకు అమ్మేసేవాళ్లున్నారు, అది కొనేవాడి అదృష్టం. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉందా? నీళ్లు చేరాయి. అవి వచ్చే దారులు రెండు. ఒకటి, గేర్ లివర్ కింద చిరిగిన రబ్బరు. రెండోది మన వరి పొలాల వరం: దమ్ము చక్రాలతో బురదలో తిరిగి తిరిగి యాక్సిల్ సీళ్లు అరిగిపోవడం. తెల్లబడిన ఆయిల్ ఒక సీజన్ అయితే కడిగి మార్చేస్తే సరి. ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయి ఉంటే పంపులోని కంట్రోల్ వాల్వు తుప్పుతో బిగుసుకుంటుంది, బేరింగులు గుంటలు పడతాయి.

బండి స్టార్టయ్యేదైతే గొర్రు తగిలించి లేపండి. అదురుతూ, కుదుపుతూ లేస్తే పంపు పిస్టన్లలోనో, వాటి వాల్వుల్లోనో లోపం. నున్నగా లేచి, ఇంజన్ ఆపగానే దిగిపోతుంటే లిఫ్ట్ సిలిండర్ రింగులు అరిగాయి, లేదా కంట్రోల్ వాల్వు కారుతోంది. లింకు చేయి ఎత్తును గోడ మీద సుద్దతో గుర్తుపెట్టి పది నిమిషాలు చూడండి. టాప్ లింక్ తగిలే పెద్ద స్ప్రింగు ముందుకూ వెనక్కూ ఆడకూడదు. ఆడితే గొర్రు లోతును సరిచూసుకునే డ్రాఫ్ట్ కంట్రోల్ సరిగ్గా పనిచేయదు, గొర్రు ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పోతుంది. పై కవర్ విప్పాల్సి వస్తే ముందు పక్క మూత తీసి లోపలి లివర్లు విడిపించాలి. నేరుగా చైన్‌తో పైకి లాగేస్తే అవి వంగిపోతాయి.

ఇంత చెప్పీ నా ఓటు మాస్సీకే. కారణం ఒకటే: ఆ వంశంలోని 1035 డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం) తర్వాత కూడా చాలాకాలం తయారైంది. పంపు భాగాలు, సీళ్లు, ఆ బండికి వచ్చే సింప్సన్ కంపెనీ ఇంజన్ సామాను ఏ స్పేర్ పార్ట్స్ కొట్లో అడిగినా దొరుకుతాయి. పాత 1035కూ 1035 డీఐకీ పిస్టన్లు, హెడ్డు వేరు కాబట్టి ఇంజన్ నంబరు రాసుకునే వెళ్లండి.

బి-275 బ్రిటన్ డిజైన్, నాలుగు సిలిండర్ల ఇంజన్. ముందుకు 8 గేర్లు, వెనక్కి 2, రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్. దిగబడే నేలలో ఆ లాక్ విలువ తెలుస్తుంది. ఇంజన్ మాత్రం డీఐ కాదు. స్టార్టింగ్‌కు ముందు ఇంజన్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు కాలకపోతే చలికాలం పొద్దున్నే సెల్ఫ్ బ్యాటరీని తినేస్తుంది. హెడ్డుకు పగుళ్లుంటాయి, ప్రెజర్ టెస్ట్ చేయించకుండా బిగించొద్దు. కొట్లో "275" అంటే మూడు సిలిండర్ల 275 డీఐ సామాను అంటగడతారు, జాగ్రత్త.

హెచ్‌ఎంటీ 2511 చెక్ దేశపు జెటోర్ డిజైన్. రెండు సిలిండర్లు, 25 హార్స్‌పవర్, డీజిల్ పొదుపు. తడి లైనర్లు (చుట్టూ నీళ్లు తగిలే, ఊడదీయగలిగే గొట్టాలు) కాబట్టి బోరింగ్ పని లేకుండా పొలం దగ్గరే మార్చుకోవచ్చు. ఇంజన్ వరకైతే మూడింటిలో ఇదే సులువు. కానీ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం 2016లో మూతపడింది. హౌసింగో గేరో పగిలితే తుక్కు బండి వెతకాలి, లేదా లుధియానా నుంచి తెప్పించుకోవాలి. తొమ్మిది పళ్ల గొర్రు లోతుగా దించితే నీరసిస్తుంది. ముచ్చటకైతే కొనండి, సేద్యానికైతే ఆలోచించండి.

ఈ మూడూ కాక, ఫోర్డ్ 3600 బలమైన బండి, డీజిల్ కూడా అంతే తాగుతుంది. రష్యా డీటీ-14 కనిపిస్తే ఫొటో తీసుకోండి.

ఏది కొన్నా, అడ్వాన్స్ ఇచ్చేముందు ఆర్సీ చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, తర్వాత ఐదేళ్ల చొప్పున ఫారం 25తో రెన్యువల్. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ. ఆర్సీలో బ్యాంకు పేరుంటే, అప్పు ఎప్పుడో తీరిపోయిందన్నా సరే, అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులివ్వండి. ట్రాలీకి ఆర్సీ వేరు, అదీ అడగండి. ఛాసిస్ నంబరు మీద జిడ్డు గీకి, కాగితంతో అక్షరం అక్షరం సరిచూసుకోండి.