గూగుల్ పెనాల్టీ పడిన ‘పెద్దలకు మాత్రమే’ దుకాణం: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక ఎస్‌ఈఓ సేవ గురించి

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి పైగది నుంచి నేను నడిపే ఆన్‌లైన్ దుకాణం పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే. కండోములు, లూబ్రికెంట్లు, మసాజర్లు, వాటి వాడకం గురించిన వ్యాసాలు, కొంత లోదుస్తుల సరుకు అందులో ఉంటాయి. అనంతపురంలోని మా నాన్నగారి లెక్కలో మాత్రం నేను ఆన్‌లైన్ మందుల షాపు పెట్టుకున్నాను, ఆ లెక్కను నేనూ సరిదిద్దలేదు. ఇలాంటి సరుకుకు గూగుల్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ప్రకటనల దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి, జనం తమంతట తాము వెతుక్కుంటూ వచ్చే దారి ఒక్కటే మాకు మిగులుతుంది. 2024 ఫిబ్రవరిలో ఆ దారి కూడా మూసుకుపోయింది. రోజుకు 1,400 మంది దాకా వచ్చే సైటుకు 200 మంది రావడం కూడా గగనమైంది. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సర్చ్ కన్సోల్ అనే పరికరం తెరిస్తే, మాన్యువల్ యాక్షన్స్ అనే పేజీలో ఇతర సైట్లలో మా సైటుకు అసహజమైన లింకులు, అంటే ర్యాంకు కోసం పెట్టించిన లింకులు, ఉన్నాయన్న నోటీసు కనిపించింది.

ఆ నోటీసును తొలగింపజేసి, పోయిన ర్యాంకుల్లో కొన్నింటిని తిరిగి తెచ్చిపెట్టిన ఎస్‌ఈఓ సంస్థ గురించి ఈ సమీక్ష. ఎస్‌ఈఓ అంటే గూగుల్‌లో వెతికినప్పుడు సైటు పైన కనబడేలా చేసే పని. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకమైన సైటుతో తమ పేరును ఎక్కడా కలపకూడదని వాళ్లు ఒప్పందంలోనే ఒక షరతు పెట్టారు. ఆ షరతు చదివినప్పుడు నాకు చిరాకు కలిగిన మాట నిజమే. అయితే అంతకు ముందు నేను అడిగిన రెండు సంస్థలు సైటు చూసిన మరునాటి నుంచి ఫోన్ ఎత్తడమే మానేశాయి కాబట్టి, పేరు దాచుకున్నా పని ఒప్పుకున్నవాళ్లే నయమనుకున్నాను.

వాళ్ల ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక దర్శిని హోటల్ పైన రెండో అంతస్తులో ఉంది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా, మెట్రో పనులు దాటుకుంటూ వెళ్లేసరికి గంటన్నర పట్టింది. మా పని చూసినవాడు ప్రొద్దుటూరు కుర్రాడు. కూర్చోగానే నోటీసు చూపించబోతే, కాసేపు ఆగమని చెప్పి, గూగుల్‌లో మా సైటు పేజీలను మాత్రమే చూపించే విధంగా రెండుసార్లు వెతికాడు. ఒకసారి సేఫ్‌సర్చ్ (అసభ్యమైన ఫలితాలను దాచే గూగుల్ అమరిక) ఆన్ చేసి, ఇంకోసారి ఆపి. ఆన్‌లో ఉన్నప్పుడు పదకొండు పేజీలు కనబడ్డాయి, ఆపితే మూడు వందల పైచిలుకు.

“అక్కా, ఇది పెనాల్టీ కాదు. రేపు పెనాల్టీ ఎత్తేసినా ఇది ఇట్లే ఉంటాది” అన్నాడు.

నేను చెల్లించిన మొత్తానికి అసలైన ప్రతిఫలం ఆ పది నిమిషాల్లోనే దక్కిందని ఇప్పటికీ నా అభిప్రాయం. పెద్దల సైటు నడిపేవాళ్లం ర్యాంకు పడిపోతే దేన్నైనా పెనాల్టీ అనే అంటాం. నిజానికి గూగుల్ ఉద్యోగి ఒకరు చూసి విధించే మాన్యువల్ యాక్షన్ వేరు, ర్యాంకులు లెక్కించే అల్గారిథం మారినందువల్ల దానంతట అదే జరిగే పతనం వేరు, అసభ్యమైన విషయాన్ని పక్కన పెట్టే సేఫ్‌సర్చ్ వడపోత వేరు. మొదటిదానికి నోటీసు వస్తుంది, తప్పు సరిదిద్దుకుని పునఃపరిశీలన కోరవచ్చు. రెండోదానికి నోటీసూ ఉండదు, అప్పీలూ ఉండదు. మూడోది అసలు శిక్షే కాదు, కానీ వ్యాసాల పేజీలు కూడా అందులో పడిపోతే మాలాంటివాళ్లకు శిక్షకు తక్కువేమీ కాదు. పద్దెనిమిదేళ్లు నిండలేదని గూగుల్ భావించిన ఖాతాల్లో ఆ వడపోత మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, అది న్యాయమే. బడుల్లోనూ ఆఫీసుల్లోనూ నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు కూడా దాన్ని అమర్చుకోవచ్చు.

మా సైటులో వడపోతకు కారణం మేమే. వయసు అడిగే తెరను ఒక విడి పేజీగా పెట్టి, అక్కడ ‘అవును’ నొక్కితే తప్ప లోపలికి పోనివ్వకుండా కట్టించుకున్నాం. గూగుల్ బాట్, అంటే సైట్లను చదివి వెళ్లే గూగుల్ ప్రోగ్రాం, ఏ బటనూ నొక్కదు కాబట్టి ఏ లింకు పట్టుకుని వచ్చినా దానికి అదే తెర కనబడేది, లోపల ఏ పేజీలో ఏముందో తెలిసేది కాదు. వచ్చినది నిజంగా గూగుల్ బాటేనని నిర్ధారించుకుని, దాన్ని తెర అడ్డు లేకుండా లోపలికి వదలమని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతోంది. వీళ్లు ఆ పని చేశారు. మసాజర్లు, లోదుస్తుల ఫొటోలు ఉన్న పేజీలను ఒక సబ్‌డొమైన్‌లోకి (అదే సైటు కింద ఒక విడి చిరునామా) మార్చి, వాటి కోడులో ఉండే రేటింగ్ మెటా ట్యాగులో అడల్ట్ అని గుర్తు పెట్టి, ఆరోగ్య వ్యాసాలను పాత డొమైన్‌లోనే ఉంచారు. ఫలితం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పారు, దాదాపు మూడు నెలలే పట్టింది.

ఇక లింకుల సంగతి. 2022లో ఒకాయన నెలకు ₹12,000 తీసుకుని ‘నెలకు రెండు వందల లింకులు’ కట్టిస్తానన్నాడు. లింకులు కొని ర్యాంకు పెంచుకునే సైట్ల మీద గూగుల్ 2012 ఏప్రిల్‌లోనే పెంగ్విన్ అనే మార్పును ప్రయోగించిందనీ, 2016 నాటికి అది ప్రధాన అల్గారిథంలోనే కలిసిపోయిందనీ అప్పుడు నాకు తెలియదు. తెలిసినా, వచ్చే ఆర్డర్లు చూసి కళ్లు మూసుకునేదాన్నేమో. నోటీసు వచ్చాక ఆయనే రంగంలోకి దిగి, మాకు ఉన్న ప్రతి లింకునూ డిసవో జాబితాలో (లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే లింకుల జాబితా) పెట్టి, ఒక్క వాక్యం క్షమాపణతో పునఃపరిశీలన కోరాడు. ఆ జాబితాలో ఒక గైనకాలజిస్టు తన వ్యాసంలో మాకు స్వచ్ఛందంగా ఇచ్చిన లింకు కూడా ఉంది. రెండు వారాలకు తిరస్కరణ వచ్చింది, రాక మానదు. ఉన్న లింకులన్నిటినీ గుడ్డిగా జాబితాలో పడేయడాన్ని చిత్తశుద్ధితో చేసిన ప్రయత్నంగా పరిగణించబోమని గూగుల్ స్పష్టంగా రాసిపెట్టింది.

హెచ్‌ఎస్‌ఆర్ సంస్థ మార్చి 4న పని మొదలుపెట్టింది. దాదాపు 2,900 లింకులను, 340 డొమైన్లను ఒక షీట్‌లో పెట్టి, ఒక్కొక్క సైటునూ తెరిచి చూశారు. నేనూ రెండు రోజులు పక్కన కూర్చున్నాను. ఒక పెళ్లి సంబంధాల సైటులో, ‘సంప్రదాయ కుటుంబాలకు మాత్రమే’ అన్న శీర్షిక కింద, గోత్రాల గురించిన పేరా మధ్యలో, మా లూబ్రికెంటు పేజీకి లింకు ఉంది! లింకు మీది మాటలు కూడా ‘తక్కువ ధరకు కొనండి’ అని. నవ్వు ఆపుకోలేక కింది హోటల్‌కు వెళ్లి కాఫీ తాగి వచ్చాను. అలాంటి సైట్ల యజమానులకు పది రోజులకొకసారి చొప్పున మూడుసార్లు మెయిల్ పంపి, ఏ తేదీన పంపారో, ఏం జవాబు వచ్చిందో షీట్‌లో రాశారు. 61 సైట్లు లింకు తీసేశాయి. లింకు పెట్టడానికి ఒకసారి డబ్బు తీసుకున్నవాళ్లలో నలుగురు, తీసేయడానికి మళ్లీ డబ్బు అడిగారు. ఇవ్వవద్దని, ఆ మెయిళ్లనే సాక్ష్యంగా దాచమని కుర్రాడు చెప్పాడు. మిగిలిన చెడ్డ డొమైన్లను మాత్రమే కొత్త డిసవో ఫైలులో రాశారు. అది మామూలు టెక్స్ట్ ఫైలే, వరుసకు ఒక డొమైన్. కొత్త ఫైలు ఎక్కించగానే పాతది రద్దయిపోతుంది కాబట్టి డాక్టరు గారి లింకు మళ్లీ బతికింది. ఆ ఫైలు ఎక్కించడానికి సర్చ్ కన్సోల్‌లో ఓనర్ హక్కు కావాలి. దాన్ని వాళ్లకు ఇవ్వకుండా నేనే ఎక్కించాను, వాళ్లూ అడగలేదు.

పునఃపరిశీలన లేఖ దగ్గర మా ఇద్దరికీ కొంచెం వాదన జరిగింది. ‘మా పాత ఏజెన్సీ మాకు తెలియకుండా చేసింది’ అని నేను రాసిన వాక్యాన్ని అతను కొట్టేశాడు. “తెలియకుండా పద్నాలుగు నెలలు బిల్లు కట్టినావా అక్కా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరికి ‘మేము డబ్బు ఇచ్చి లింకులు కొన్నాం’ అన్న మాటతో లేఖ మొదలైంది. ఏం తప్పు జరిగింది, ఏం చేశాం, ఏం ఫలితం వచ్చింది అన్న మూడు విషయాలు, వాటికి తోడు షీట్ లింకు. ఏప్రిల్ 15న పంపితే మే 2న మాన్యువల్ యాక్షన్ ఎత్తేసినట్టు జవాబు వచ్చింది.

ఆ రోజు నేను పాత 1,400 కోసం ఎదురుచూశాను. నెల గడిచినా 600 దాటలేదు. మార్చి 5న మొదలైన గూగుల్ కోర్ అప్‌డేట్ (ర్యాంకులిచ్చే పద్ధతిలో పెద్ద మార్పు) ఏప్రిల్ 19 దాకా సాగింది కాబట్టి తప్పు దానిదేనని నేను వాదించాను. కుర్రాడు ఒప్పుకోలేదు. పెనాల్టీ పోతే ర్యాంకు తిరిగి రావాలి గదా అంటే, ఆ ర్యాంకును మోసినవి కొన్న లింకులేననీ, వాటికి ఇప్పుడు విలువ లేదనీ, 1,400 ఎప్పుడూ మనది కాదనీ చెప్పాడు. వినడానికి కష్టంగా ఉన్నా, మొదటి రోజు ఒప్పందంలోనే ‘పాత స్థానానికి హామీ లేదు’ అని రాసి ఉంది, నేనే సరిగా చదవలేదు. సేఫ్‌సర్చ్ వడపోత నుంచి వ్యాసాల పేజీలు బయటపడ్డాక, ఆ ఏడాది అక్టోబరుకు రోజుకు 850 మంది దాకా వచ్చారు. ఇప్పుడు వచ్చేవాళ్లు వ్యాసం చదివి కొంటున్నారు కాబట్టి, సందర్శకులు తగ్గినా ఆర్డర్లు ఆ నిష్పత్తిలో తగ్గలేదు.

లోపాలు లేవని కాదు. నెల నెలా పంపే నివేదిక 38 పేజీలు, అందులో నాకు పనికివచ్చేది రెండు పేజీలు. శుక్రవారం ఫోన్ మాట్లాడదామని చెప్పి సోమవారానికి వాయిదా వేయడం వాళ్లకు అలవాటు. అన్నిటికంటే ఘోరం వాళ్లు రాయించిన తెలుగు. కొత్తగా ఆరు తెలుగు వ్యాసాలు ఇస్తామని చెప్పి, ఇంగ్లీషు వ్యాసాలను యంత్రంలో వేసి తీసినట్టున్న సరుకు పంపారు. అందులో లూబ్రికెంటును ‘కందెన’ అన్నారు, అది మా ఊళ్లో బండి ఇరుసుకు వేసేది. ఒక వ్యాసం శీర్షిక ‘సన్నిహిత శ్రేయస్సు’. ఏ తెలుగువాడూ, ఎంత అర్ధరాత్రి అయినా, ఆ రెండు మాటలు టైపు చేసి గూగుల్‌ను ఏదీ అడగడు. జనం జెల్ అంటారు, కండోమ్ అంటారు, చాలాసార్లు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఆరింటినీ తిప్పి పంపి, నేనే రాసుకున్నాను. ఆ భాగానికి డబ్బు తగ్గించమంటే తగ్గించారు, అది చెప్పాలి.

మొత్తం ఫీజు ₹85,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి ₹1,00,300 అన్నారు. సగం ముందు, సగం లేఖ పంపిన రోజున. వ్యాసాలకు తగ్గించింది రెండో సగంలోనే మినహాయించారు. ఆ తరువాత నెలకు ₹15,000 చొప్పున నిర్వహణ ఒప్పందం చేసుకోమని అడిగారు, వద్దన్నాను. నెలకోసారి కొత్త లింకుల జాబితా ఎలా చూసుకోవాలో కుర్రాడు ముందే నేర్పించాడు, అది గంట పని. లింకుల శుద్ధికి, సేఫ్‌సర్చ్ పనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తెలుగు రాతకు సున్నా.

వెళ్లేవాళ్లు పాత ఎస్‌ఈఓ బిల్లులన్నీ, ఆ రోజుల్లో వచ్చిన లింకుల జాబితాలన్నీ వెంట తీసుకెళ్లడం మంచిది. సర్చ్ కన్సోల్ మొత్తం లింకులను చూపించదు, కొంత నమూనాను మాత్రమే చూపిస్తుంది. పద్నాలుగు నెలల జాబితాల్లో మా దగ్గర తొమ్మిదే దొరికాయి, దొరకని ఐదు నెలల లింకులను వెతకడానికే పది రోజులు పట్టింది.