క్యాన్సర్ రోగుల గుండె ఓపీ: హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి సేవపై సమీక్ష

మా అమ్మ రొమ్ము క్యాన్సర్ చికిత్స హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. అక్కడ కీమో తీసుకునేవారి గుండెను పరీక్షించడానికి ప్రత్యేకంగా ఒక ఓపీ నడుస్తోంది. దాని మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. ఇలాంటి ఓపీకి వెళ్లేవారు ఏమి గమనించాలో, ఏమి అడిగి తీసుకోవాలో తెలియజేయడమే నా ఉద్దేశం.

అమ్మది క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే హెర్2 పాజిటివ్ రకం కావడంతో ముందు డాక్సోరుబిసిన్ అనే కీమో మందు, ఆ తరువాత హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. ఈ రెండు మందులూ గుండె కండరాన్ని దెబ్బతీసే అవకాశం ఉంది. డాక్సోరుబిసిన్ హాని మొత్తం మోతాదును బట్టి పెరుగుతుంది. శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు లెక్కగట్టే ఆ మోతాదు 400 మిల్లీగ్రాములకు చేరినప్పుడు దాదాపు 5 శాతం మందిలో, 550కి చేరినప్పుడు 26 శాతం మందిలో గుండె వైఫల్యం కనిపించిందని 2003లో వెలువడిన ఒక విశ్లేషణ చెబుతోంది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో డాక్సోరుబిసిన్ వర్గం మందునూ ట్రాస్టుజుమాబ్‌నూ కలిపి ఇచ్చినప్పుడు 27 శాతం మందిలో గుండె పనితీరు దెబ్బతిన్నట్టు 2001లో తేలింది. ఒకటి ముగిశాకే రెండోది మొదలుపెట్టడానికి కారణం ఇదేనని మొదటి రోజే కార్డియాలజిస్టు కాగితం మీద గీసి మరీ వివరించారు. చికిత్స ఇచ్చే ఆంకాలజిస్టుకు ఆయన మా ఎదుటే ఫోన్ చేసి మోతాదు వివరాలు అడిగి తెలుసుకున్నారు. నా దృష్టిలో ఈ ఓపీకి ఉన్న అసలు విలువ ఆ ఫోనులోనే ఉంది.

కీమోకు ముందే బేస్‌లైన్ ఎకో, అంటే తరువాతి వాటితో పోల్చుకోవడానికి గుండెకు తొలి అల్ట్రాసౌండ్ పరీక్ష, తీశారు. అమ్మకు ఎడమ వైపు ఆపరేషన్ జరిగింది, గుండెను చూడాలన్నా ప్రోబ్ ఆ వైపే ఆనించాలి. టెక్నీషియన్ ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కుట్ల దగ్గర ఒత్తిడి పడకుండా కోణం మార్చుకుంటూ, "ఊపిరి వదిలి ఆపండమ్మా" అని ప్రతి చిత్రానికీ ఓపికగా ఆగింది. మామూలు టూడీ ఎకో కంటే దీనికి ఎక్కువ సేపు పడుతుంది, ఎందుకంటే గుండె ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో ఎంత బయటకు నెడుతోందో చెప్పే పంపింగ్ శాతంతో పాటు గుండె కండరం నిలువునా ఎంత కుదించుకుంటోందో చెప్పే స్ట్రెయిన్‌ను కూడా లెక్కిస్తారు.

ఆ శ్రమకు ఫలితం ట్రాస్టుజుమాబ్ నడుస్తున్న రోజుల్లో కనిపించింది. పంపింగ్ శాతం 62 నుంచి 58కి మాత్రమే తగ్గింది. మరెక్కడైనా అయితే నార్మల్ అని రాసి పంపేవారు. కానీ స్ట్రెయిన్ మైనస్ 20.5 నుంచి మైనస్ 17కు పడిపోయింది, అంటే దాదాపు 17 శాతం తగ్గింది (మైనస్ కుదింపుకు గుర్తు, దాని పక్కన అంకె తగ్గితే కుదింపు తగ్గినట్టు). బేస్‌లైన్‌తో పోల్చి 15 శాతానికి మించి తగ్గితే పట్టించుకోవాలన్నది ఇప్పుడు పాటిస్తున్న ప్రమాణం. గుండె మీద భారం తగ్గించే బీటా బ్లాకర్ మందు మొదలుపెట్టారు, క్యాన్సర్ మందును ఆపలేదు. స్ట్రెయిన్ చూసి గుండె మందు ఇచ్చే పద్ధతిని, పంపింగ్ శాతం చూసి ఇచ్చే పద్ధతితో పోల్చిన సక్కర్ అనే ట్రయల్‌లో, ప్రధానంగా కొలవదలచిన పంపింగ్ మార్పులో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదని, అయితే గుండె దెబ్బతిన్నవారి సంఖ్య మాత్రం స్ట్రెయిన్ వర్గంలో తక్కువగా ఉందని ఆ డాక్టరుగారే దాచకుండా చెప్పారు. గుండె రక్షణకని బంధువులు సూచించిన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే) మాత్ర సంగతి అడిగినప్పుడు, 2023లో లింఫోమా అనే శోషరస వ్యవస్థ క్యాన్సర్ రోగుల్లో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ గుండెకు మేలు చేసిందని, అంతకుముందు ప్రధానంగా రొమ్ము క్యాన్సర్ రోగులతో జరిగిన మరో ట్రయల్‌లో ఆ మేలు కనిపించలేదని, అమ్మకు కొలెస్ట్రాల్ ఎక్కువగా లేదు కనుక అవసరం లేదని తేల్చి చెప్పారు. రోగి బంధువులకు పరిశోధనను ఇంత నిజాయితీగా విప్పి చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమే.

ఇక లోపాలు. చేతికిచ్చే రిపోర్టులో స్ట్రెయిన్ అంకె ఉండదు, ప్రతిసారీ అడిగి రాయించుకోవలసి వస్తోంది. ఒకసారి రద్దీ ఎక్కువగా ఉందని వేరే కంపెనీ మెషీన్ మీద తీశారు. మెషీన్ మారితే స్ట్రెయిన్ అంకె కూడా మారవచ్చు, పాత అంకెతో పోల్చడానికి అది నమ్మదగినది కాదు. నేను అభ్యంతరం చెప్పాక మళ్లీ తీశారు గానీ, ఆ అలసట అమ్మ పడవలసింది కాదు. కీమో రోజున ఎకో అపాయింట్‌మెంట్ ఇవ్వకపోవడం వల్ల దూరం నుంచి వచ్చేవారు మరో రోజు బస్సెక్కాలి.

అన్నిటికంటే పెద్ద లోపం, చికిత్స పూర్తయ్యాక ఎవరూ పిలవరు. ఇటలీలోని మిలాన్‌లో డాక్సోరుబిసిన్ వర్గం మందులు తీసుకున్న 2,625 మందిని గమనించిన 2015 అధ్యయనంలో 9 శాతం మందికి గుండె దెబ్బతింది, వారిలో 98 శాతం మందికి అది కీమో ముగిసిన తొలి ఏడాదిలోనే బయటపడింది. అదే బృందం 2010లో, లోపాన్ని తొలి రెండు నెలల్లో గుర్తించి మందులు మొదలుపెట్టినవారిలో 64 శాతం మంది కోలుకున్నారని, ఆరు నెలలు దాటితే పూర్తిగా కోలుకున్నవారే లేరని చూపింది. ఇది తెలిసిన ఓపీయే రోగిని వదిలేయడం నాకు మింగుడుపడలేదు. ఆఖరి ఇంజెక్షన్ రోజునే తరువాతి ఎకోల తేదీలు ఫైలు మీద రాసి ఇవ్వాలని లిఖితపూర్వకంగా కోరాను. జవాబు ఇంకా రాలేదు, అమ్మ తేదీలు మాత్రం డాక్టరుగారే స్వయంగా రాసిచ్చారు.